వాయిదాలు లేని పుస్తకాలు చదివిన కామాక్షయ్య గారు

శ్రీ ఈదూరు కామాక్షయ్య గారు 1987వ సంవత్సరం అక్టోబరు పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం పదీ ఇరవైకి మన న్యాయస్థానంలో కాపీయిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ముప్పై ఏడు సంవత్సరాల ఎనిమిది నెలల సేవ అనంతరం, ఈ జూన్ ముప్పైన, మళ్లీ ఒక సోమవారం నాడే, బెంచి క్లర్కు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ శుభ సందర్భంలో వెలువడుతున్న ఈ సంచికలో వారి గురించి నాలుగు మాటలు రాయవలసిందిగా మిత్రులు కోరగా, ముందు కామాక్షయ్య గారి అనుమతి అడగడం జరిగింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఒకే షరతు చెప్పారు. "రాస్తే రోజారమణి సంగతి కూడా రాయండి. అది వదిలేసి తక్కినదంతా రాసేటట్టయితే అసలు రాయొద్దు." అభినందన సంచికలో అటువంటి సంగతికి చోటు ఉండవచ్చునా అని కొందరు సందేహించారు. సందేహం న్యాయమైనదే. అయినా సన్మానం ఎవరిదో షరతూ వారిదే కనుక, ఆయన చెప్పినట్టే రాయడమైనది.

కామాక్షయ్య గారు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక వరి పొలాల ఊరిలో, సాధారణ వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తండ్రిగారికి పంటకాలువ గట్టు విషయమై పక్క పొలం వారితో ఒక దావా ఉండేది. చిన్ననాడు తండ్రి చెయ్యి పట్టుకుని ఆయన ఎన్నోసార్లు కోర్టు వరండాలో కూర్చున్నారు. ఆ దావా పద్నాలుగేళ్లు నడిచినా, తీర్పు రాకుండానే తండ్రిగారు కాలం చేశారు. గట్టు ఎవరిదో కామాక్షయ్య గారికి నేటికీ తెలియదు. ఆ పక్క పొలం వారు కూడా ఊరు విడిచిపోయారు. తెలుసుకోవాలన్న ఆ కోరికే తనను కోర్టు కొలువుకు తెచ్చిందేమోనని ఆయన ఒకసారి అన్నారు.

మొదటి ఏడేళ్లు ఆయన పని తీర్పులకు నకళ్లు రాయడం. తక్కిన వాళ్లం ఏ తీర్పు చేతికొచ్చినా చివరి పేజీ తిప్పి ఎవరు గెలిచారో చూసి పక్కన పెడతాం. ఆయన మాత్రం మొదటి పేరా నుంచి చదివేవారు. దస్తూరి ముత్యాల వంటిది. జిరాక్సు వచ్చాక కూడా పాత వకీళ్లు "కామాక్షయ్య గారి చేత్తో ఒక ప్రతి ఇప్పించండి" అని అడిగేవారంటే అతిశయోక్తి కాదు. 1994లో టైపిస్టుగా, 2003లో సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది, జిల్లాలోని మరి మూడు కోర్టులలో పనిచేసి, 2011లో బెంచి క్లర్కుగా మన దగ్గరికే తిరిగి వచ్చారు. న్యాయమూర్తి గారి ఆసనం కిందుగా, హాలు వైపు ముఖం పెట్టి, డైరీ ముందేసుకుని కూర్చునే ఆ కుర్చీలో ఆయన పద్నాలుగేళ్లు కూర్చున్నారు. ఇంత కాలంలో ఒక కాగితం పోలేదు. సాక్ష్యపు కాగితాల మీద ఒక గుర్తు తప్పు పడలేదు. ఏ కక్షిదారు చేతి నుంచీ ఆయన ఒక కొబ్బరి బోండాం కూడా పుచ్చుకోలేదు.

ఇక వారి చదువు సంగతి. కామాక్షయ్య గారు కోర్టు నేపథ్యంలో నడిచే నేరపరిశోధన నవలలకు ప్రియులన్న విషయం ఈ ఆవరణలో ఎవరికీ తెలియనిది కాదు. కాకపోతే అన్నీ ఆయనకు పనికి రావు. కారులో తరుముకోవడాలు, తుపాకులు, పడవ మీద పోట్లాటలు ఉన్నవాటిని పది పేజీలు చదివి మర్యాదగా మూసేస్తారు. ఒక బస్సు టిక్కెట్టు మీదనో, ఆటుపోట్ల వేళ మీదనో, వాన కురిసిన రోజు ఆరేసి ఉన్న ఒక చీర మీదనో మొత్తం కేసు నిలబడాలి. బోనులో ఉన్న సాక్షిని వకీలు ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న చదవగానే పాఠకుడు వెనక్కి వెళ్లి నలభయ్యో పేజీ తీసి చూసుకోవాలి. అటువంటివే ఆయనకు కావలసినవి.

ఈ అలవాటు బస్టాండు పక్కన ఉన్న అద్దె పుస్తకాల కొట్టులో మొదలైంది. అక్కడ దొరికిన మొదటి నవలకు చివరి పదహారు పేజీలు లేవు. ఎవరో చింపేశారు. మామూలు మనిషి తిట్టుకుని ఊరుకుంటాడు. ఆయన రెండు రోజులు ఆలోచించి, హంతకుడెవరో, ఎందుకు నమ్మాలో ఒక పూర్తి తీర్పు రాసి, ఆదివారం నాడు నెల్లూరు వెళ్లి పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగి పూర్తి ప్రతి సంపాదించి, నిలబడే చదివారు. ఆయన తీర్పు సరిపోయింది. ఆ పూట బస్సులో వస్తూ తండ్రిగారు జ్ఞాపకం వచ్చి కళ్లు తుడుచుకున్నానని వారే చెప్పారు.

అప్పటినుంచీ ప్రతి నవలా సగం దాకా చదివి మూయడం, చీటీ మీద తీర్పు రాసి మడిచి మన అటెండరు హెబ్రోను గారికి ఇవ్వడం, తర్వాత తక్కిన సగం చదవడం ఆనవాయితీ అయింది. పుస్తకం పూర్తయిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చీటీ విప్పేవారు. హాలు ముందు కక్షిదారుల పేర్లు మూడేసిసార్లు పిలిచే హెబ్రోను గారు, అదే కంచు గొంతుతో పిలిచేవారు.

"ముద్దాయి... డాక్టరు గారి బావమరిది. డాక్టరు గారి బావమరిది. డాక్టరు గారి బావమరిది హాజర్."

"మెల్లగా అన్నా, లోపల అయ్యగారు భోంచేస్తా ఉండారు," అని టైపిస్టు పుష్పకుమారి గారు మందలించేవారు.

"పిలిస్తే పలకని ముద్దాయిలతోనే నా బతుకంతా గడిచిపోయిందక్కా. ఈయన ముద్దాయిలు పిలవకముందే దొరికిపోతారు. ఆ మాత్రం సంతోషపడనీ."

నూటికి తొంభై చీటీలు నిజమయ్యేవి. తప్పిన ఒకానొక నవల విషయమై ఆయన రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడోరోజు, "రచయిత నన్ను మోసం చేయలేదు. అందులో భార్య ఏడ్చిందని ఆమెను నేను నమ్మినాను. సరిగా చదవలేదు," అని తేల్చుకుని టీ తాగారు.

పుష్పకుమారి గారు ఒకసారి ఉండబట్టలేక అడిగారు. "పొద్దస్తమానం ఇదే గదా సార్ మన పని. మళ్లీ తినేటప్పుడు కూడా ఇదేనా? విసుగు రాదా?"

"ఇది వేరమ్మా," అన్నారు కామాక్షయ్య గారు. "మన దగ్గర ఒక కేసులో అబద్ధమెవరిదో నాకు తెలిసే వేళకు జడ్జిగారు బదిలీ అవుతారు, వకీలు మారతాడు, సాక్షి పోతాడు. ఆ పుస్తకంలో రెండొందల అరవై పేజీలకు తేలిపోతుంది. వాయిదా అనే మాట ఉండదు. ఇంకొకటి కూడా ఉంది. చివర్లో ఏది తేల్చినా, ముందు మనకు చూపించిన దానితోనే తేల్చాలి. చూపించనిది తెచ్చి పెట్టకూడదు. అంత నీతిగా ఉంటుంది ఆ రాత."

"మొగోళ్లు ఆ వయసులో భాగవతం పట్టుకుంటారు," అని వారి సతీమణి శ్రీమతి చెంచులక్ష్మి గారు ఒకనాడు మా ఇంటి ఆడవారితో అన్నారట. "ఈయన సంధ్యావందనం అయిందనిపించి హత్య పట్టుకుంటాడు." కామాక్షయ్య గారు దానికి కోపగించుకోలేదు. భగవంతుడు అన్నీ చూస్తాడన్నది పురాణాల వల్ల తెలుసుననీ, చూసినదాన్ని ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతాడన్న ధైర్యం మాత్రం ఈ పుస్తకాల వల్లనే కలుగుతున్నదనీ సమాధానం చెప్పారు. ఆ మాట విన్నప్పుడు మాకు నచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ధైర్యం కోసం అంత దూరం పోవలసి వచ్చిన మనిషి లోపల ఎంత నిరాశ ఉండి ఉంటుందో మేమెవరం గమనించలేదనిపిస్తున్నది.

ఆయన రాయమన్న సంగతి ఇది.

2023లో జువ్వలదిన్నె వైపు పట్టపుపాళెం అనే సముద్రపు ఒడ్డు జాలర్ల పల్లె నుంచి పామంజి రోజారమణి అనే ఆమె మన కోర్టులో ఒక దావా వేసింది. ఆమె భర్త చిన్నపోలయ్య 2015 కార్తీకంలో వాయుగుండం పట్టిన రోజుల్లో వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పిల్లలు లేరు. సునామీ తర్వాత కట్టించి ఇచ్చిన ఇంటి పట్టా భర్త పేరున ఉంది. భర్త అన్న పెంచలయ్య, "మా తమ్ముడు యాడో బతికుండాడు, వాడొచ్చేదాకా ఇల్లు నా చేతిలో ఉండాల, నువ్వు పుట్టింటికి పో" అని పట్టుబట్టాడు. ఆమెకు పుట్టిల్లు అంటూ మిగిలింది లేదు. ఏడేళ్లకు మించి కబురు లేని మనిషిని మరణించినట్టుగా కోర్టు ప్రకటిస్తే ఇల్లు ఆమెకు దక్కుతుంది. అంతే దావా. పెంచలయ్య ప్రతివాది. తమ్ముణ్ణి తమిళనాడులో ఒక రేవులో చూశానని చెప్పే సాక్షిని ఒకణ్ణి అతడు సంపాదించాడు.

2024 జూలైలో ఆమె సాక్ష్యం రోజు వచ్చింది. కోర్టు మొదలు కావడానికి పావుగంట ముందు కామాక్షయ్య గారు కట్టలు పట్టుకుని వరండాలో వస్తూ ఉండగా, రోజారమణి స్తంభం పక్కన నిలబడి తడి చీర కొంగుతో నుదుటి దగ్గరికి చెయ్యి తీసుకుపోతూ ఆగిపోతున్నది. ఆయనను చూసి దగ్గరికి వచ్చింది.

"సార్, మా అశోక్ సారు బొట్టు తుడుచుకుని ఎక్కమన్యాడు. తాళి కూడా కనపడకుండా లోపలికేసుకోమన్యాడు. తుడుచుకోమంటారా?"

అశోక్ గారు ఆమె తరఫు వకీలు, యువకులు, చురుకైనవారు. కోర్టు సిబ్బంది కక్షిదారుకు సలహా చెప్పరాదన్న నియమం కామాక్షయ్య గారికి తెలిసినంత మరొకరికి తెలియదు. ఆయన సమాధానం చెప్పకుండా పోవలసింది. కానీ ఆమె తడి కొంగును ఇంకా నుదుటి దగ్గరే పట్టుకుని ఉంది.

"ఎందుకు ఉంచుకున్నావు తల్లీ?" అని అడిగారు.

"సముద్రంలో పొయ్యినోళ్లకు మా పాళెంలో అంతే సార్. ఒళ్లు ఒడ్డుకు వచ్చి కళ్లతో చూస్తేనే తీసేది. చూడకుండా తీసేస్తే మనమే చంపినట్టు. మా పెద్దత్త ముప్పై ఏళ్లు ఉంచుకునింది, దాంతోనే పొయ్యింది."

ఇటువంటి ఒక ఆచారం మీద మొత్తం కేసు తిరిగే నవల ఎవరైనా రాస్తే ఎంత గొప్పగా ఉంటుందో ఆ క్షణంలో తనకు తోచిందని ఆయన సిగ్గుతో ఒప్పుకున్నారు. ప్రతివాది వకీలు బొట్టు చూసి ప్రశ్న వేస్తాడు. అప్పుడు ఆమె వకీలు లేచి ఈ ఒక్క సంగతి చెప్పిస్తాడు. హాలు నిశ్శబ్దమైపోతుంది. ఆయన కళ్లకు అంతా కట్టినట్టు కనిపించింది.

"తుడవొద్దు తల్లీ," అన్నారు. "ఉన్నది ఉన్నట్టు ఎక్కు. నిజం ఉంటే చాలు."

ఆమె చెయ్యి దించేసుకుంది.

విచారణలో మొదటి భాగం సవ్యంగానే సాగింది. ఆ తర్వాత ప్రతివాది వకీలు లేచారు. ఆయన చాలా అనుభవజ్ఞులు, గొంతు పెంచరు.

"మీ ఆయన చనిపోయినాడని గదమ్మా దావా?"

"అవును సార్."

"నుదుటి మీద ఏముంది?"

"బొట్టు."

"మెళ్లో?"

"తాళి."

"గాజులు కూడా నిండుగా ఉండాయి. భర్త పోయిన ఆడమనిషి ఇట్లా ఉంటుందా అమ్మా?"

ఆమె గాజుల చేతిని కొంగు కిందికి జరుపుకుంది.

"పోనీ, నా మాట అట్లుంచండి. మీ ఆయన చచ్చిపోయినాడని మీ మనసు ఒప్పుకునిందా? అవునా, కాదా?"

ఆమె బోనులో నుంచి కిందికి, కామాక్షయ్య గారి వైపు చూసింది. ఆయన డైరీ మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తకూడదు.

"సముద్రం ఇంకా చెప్పలా సార్," అంది.

"అంటే ఒప్పుకోలేదనే గదా?" అని న్యాయమూర్తి గారు నెమ్మదిగా అడిగారు.

"ఒప్పుకోలా."

పుష్పకుమారి గారు ఆ మాట టైపు చేశారు. ప్రతివాది వకీలు కూర్చున్నారు. ఇప్పుడు అశోక్ గారు లేవాలి. ఒక్క ప్రశ్న చాలు. సముద్రంలో కనపడకుండా పోయినవారి భార్యలు మీ పాళెంలో బొట్టు ఎప్పుడు తీస్తారు? కామాక్షయ్య గారు ఆ ప్రశ్నను డైరీ పక్కనున్న చిత్తు కాగితం మీద, ముత్యాల వంటి అక్షరాలతో, పూర్తిగా రాశారు. అశోక్ గారి బల్ల రెండు గజాల దూరం. కామాక్షయ్య గారి చేతిలో కాగితం మడత పడింది.

"తిరిగి అడిగేదేమైనా ఉందా?" అని న్యాయమూర్తి గారు అడిగారు.

"లేదండీ," అన్నారు అశోక్ గారు. ఆయన ముఖం అప్పటికే వాడిపోయి ఉంది. తుడుచుకోమన్న బొట్టు తుడుచుకోకుండా వచ్చినందుకు ఆమె మీద కోపం కూడా ఉండవచ్చు. ఆమెకు ఆ మాట ఎవరు చెప్పారో ఆయనకు తెలియదు. ఆచారం సంగతి ఆయన ఆమెను ఎన్నడూ అడగలేదు. తనంతట తాను చెప్పాలని ఆమెకు తెలియదు. పాళెంలో అందరికీ తెలిసిన సంగతి ఇంత పెద్ద కోర్టుకు తెలియకుండా ఉంటుందని ఆమె ఎట్లా అనుకుంటుంది?

కాగితం కామాక్షయ్య గారి చేతిలోనే ఉండిపోయింది. వరండాలో చెప్పకూడని మాట చెప్పారు. హాలులో చెప్పవలసిన మాట నియమానికి కట్టుబడి చెప్పలేదు. ఈ రెండింటిలో ఏది తప్పో, రెండూ తప్పులేనా, అసలు మనిషి చేయగలిగింది మరొకటి ఉన్నదా అని మాలో మేము ఎన్నోసార్లు తర్కించుకున్నాం. పూజగదిలో కూర్చుని భగవంతుణ్ణి కూడా అడిగి చూశాం. మాకు తెలియలేదు.

నవంబరులో తీర్పు వచ్చింది. దావా కొట్టివేయబడింది. ఆ తీర్పు గురించి వ్యాఖ్యానించే అర్హత సిబ్బందికి లేదు, ఆ ఉద్దేశమూ లేదు. నిజానికి అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదని అందరికంటే ముందు కామాక్షయ్య గారే అన్నారు. భర్తను చూశానన్న సాక్షి ఒకవైపు, భర్త పోయాడని తానే ఒప్పుకోని భార్య ఒకవైపు. తన ముందు పెట్టనిదాన్ని తెచ్చి తీర్పులో పెట్టే అధికారం న్యాయమూర్తికి లేదు. "నేను ముప్పై ఏళ్లు ఆ పుస్తకాలను మెచ్చుకునింది సరిగ్గా ఈ నీతి కోసమే," అని ఆయన అన్నారు.

"ఆ వకీలు ఒక్క ప్రశ్న అడిగుంటే..." అని హెబ్రోను గారు అనబోయారు.

"అడగలేదు హెబ్రోనూ. పుస్తకంలో అడుగుతాడు. ఎందుకంటే రాసేవాడికి ఆ సంగతి ముందే తెలుసు. మనకు రాసేవాడు ఎవరు?"

"దేవుడున్నాడు గదా సార్."

"ఉన్నాడు. ఆయనకు తెలుసు. రికార్డులోకి రాలేదు."

తర్వాత ఆయన నవల ముట్టలేదు. ఒకటి మాత్రం పాత అలవాటు కొద్దీ తెరిచి, బోను దగ్గర వకీలు ఆఖరి ప్రశ్నకు లేచి నిలబడిన చోట మూసేశానని చెప్పారు. ఆ పైన ఏముంటుందో తెలుసుననీ, చదివితే ఓర్చుకోలేననీ అన్నారు. వారి బీరువాలో నాలుగు అరల నిండా ఆ పుస్తకాలున్నాయి. చెంచులక్ష్మి గారు, ఒకప్పుడు ఎగతాళి చేసిన ఆమే, వాటిలో ఒకటి తీసి అన్నం దగ్గర ఆయన పక్కన పెట్టి చూశారట. ఆయన దాన్ని జరిపి మజ్జిగ పోసుకున్నారు.

ఈ మార్చి నెలలో, ఒక ఆదివారం, ఆయన బస్సెక్కి బోగోలు వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో పాళేనికి పోయారు. నియమం ప్రకారం అదీ చేయకూడనిదే. కానీ పదవీ విరమణకు ఇంకా మూడు నెలలే ఉందనీ, ఆ మూడు నెలలు ఆగే ఓపిక తనకు లేదనీ అనుకున్నారు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. తాళం పెంచలయ్యది. పాళెం పెద్దలు కూడా కోర్టు మాటే మాట అన్నారు. రోజారమణి ఎండుచేపల షెడ్డు వెనుక రేకుల పంచలో ఉంటున్నది. ఆయనను చూసి చేతులు కడుక్కుని, నీలం డబ్బా బోర్లించి కూర్చోమంది. అప్పుడు ఆయన ఆమె ముఖం చూశారు. నుదురు ఖాళీగా ఉంది. మెడ ఖాళీగా ఉంది.

"ఏమైనా... కబురు తెలిసిందా తల్లీ?" అని అడిగారు.

"కబురు మీ కోర్టు నుంచే గదా సార్ వచ్చింది."

ఆయనకు అర్థం కాలేదు.

"మా ఆయన చచ్చిపోలేదని రాసినారంట గదా. బావ ఆ కాగితం పాళెమంతా తిప్పి చదివించినాడు. తొమ్మిదేళ్లు ఇంటికి రాని మొగుడు బతికే ఉండాడంటే ఏందర్థం సార్? నిన్నటిదాకా నేను మొగుణ్ణి సముద్రానికిచ్చిన దాన్ని. వలలు లాగే కాడ ముందు నాకు చోటిచ్చేవాళ్లు. ఇప్పుడు మొగుడు వదిలేసిపోయిన దాన్ని. ఆ రేవులో ఇంకొకామెతో ఉండాడంట, పిల్లలు గూడా అంట. ఎవరు చూసినారో నాకు తెలీదు. వదిలేసినోడికి బొట్టెందుకని తీసేసినా."

కామాక్షయ్య గారు ముప్పై ఏడేళ్లుగా తీర్పులు చదివిన మనిషి. ఆయన ఓపికగా చెప్పారు. "కోర్టు ఆయన బతికున్నాడని అనలేదు తల్లీ. చనిపోయినట్టు రుజువు కాలేదని మాత్రమే అంది. అది వేరు, ఇది వేరు."

"ఆ తేడా మా పాళెంలో ఎట్ట చెప్పాల్నో మీరే చెప్పండి సార్. పొయ్యి చెప్తా."

ఆయన పై కోర్టుకు అప్పీలు వేయవచ్చుననీ, గడువు దాటినా కారణం చూపి అడగవచ్చుననీ, తాను తోడు వస్తాననీ అన్నారు.

"మళ్లీ బోనెక్కాల్నా?"

"ఎక్కాల్సిన పని ఉండదు. ఇక్కడ రాసిన కాగితాలే అక్కడ చూస్తారు."

"ఆ కాగితాల్లో ఉండేది నేను చెప్పిన మాటే గదా సార్," అందామె. "వద్దులే."

చివరికి, అందుకోసమే వచ్చిన మాటను ఆయన బయటికి తెచ్చారు. "ఆ రోజు వరండాలో బొట్టు తుడవొద్దని చెప్పింది నేను తల్లీ."

"అవును సార్," అంది రోజారమణి. "మీరు చెప్పకపోతే తుడుచుకునేదాన్నే." ఆ డబ్బా పక్కనే కింద కూర్చుని, "మీ మీద కోపం లేదు సార్. మీరు మంచి మాటే చెప్పినారు," అంది. ఆయన కోసం టీ తెప్పించింది. ఆయన తాగారు. తాగకుండా రావడం ఎట్లాగో తెలియలేదన్నారు.

ఇదీ వారు రాయమన్న సంగతి. తన సర్వీసు రిజిస్టరులో దీనికి గడి లేదనీ, ఎక్కడో ఒకచోట ఉండాలనీ ఆయన కోరిక. నిష్కళంకమైన సేవకు నిదర్శనంగా మనం ఇచ్చే జ్ఞాపికను ఆయన తప్పక స్వీకరిస్తారు, శాలువా కప్పించుకుంటారు, అందరితో ఫోటో దిగుతారు. మనసు నొప్పించే మనిషి కాదు. అయితే ఆ శాలువా కింద ఏమున్నదో ఆయనతో కలిసి పనిచేసిన మనకూ, ఆయనతో కలిసి బతకవలసిన కుటుంబ సభ్యులకూ తెలిసి ఉండటం మంచిది. తెలివైనవాడు రాసిన పుస్తకంలో నిజం గెలుస్తుందన్న భరోసాతో ఒక మనిషి అన్నేళ్లు ఈ కుర్చీలో కూర్చోగలిగాడంటే, ఆ పుస్తకాలను తక్కువగా చూడడానికి మనసు రాదు. అదే భరోసా ఒక ఆడకూతురు నెత్తిన కప్పు లేకుండా చేసిందంటే, వాటిని చేతిలోకి తీసుకోవడానికీ మనసు రాదు. ఈ రెండు మాటల మధ్య ఎక్కడ నిలబడాలో, రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే మాబోటి వారికి సైతం తెలియడం లేదు.

కామాక్షయ్య గారికీ, చెంచులక్ష్మి గారికీ జొన్నవాడ కామాక్షమ్మ తల్లి చల్లని చూపు ఎల్లవేళలా ఉండాలనీ, ఆయన కంటి చూపూ మోకాళ్లూ చిరకాలం సహకరించాలనీ, నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలనీ సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము. పై వాక్యం మర్యాద కోసం రాసినది కాదు. పత్రిక అచ్చుకు వెళ్లే ముందు ఆయనకు చదివి వినిపించి, శుభాకాంక్షలలో మార్చవలసింది ఏమైనా ఉందా అని అడిగాము.

"నూరేళ్లు అన్నది ఉంచండి," అన్నారు ఆయన. "రోజారమణి అడిగిన ఆ తేడా పాళెంలో ఎట్లా చెప్పాలో నాకు ఇంకా తోచలేదు."